పన్ను ప్రశ్నలు: రాయి చీమకుర్తిది, లాభం హాంగ్‌కాంగ్‌ది

పోయిన నెల ఈ శీర్షికలో సింగరాయకొండ పాఠకులొకరు "ప్రపంచమంతా వ్యాపారం చేసే కంపెనీలు మన దేశంలో పన్ను ఎంత కడతాయి?" అని అడిగారు. చోటు చాలక "లాభం ఎక్కడ చూపిస్తే అక్కడ కడతాయి" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి వదిలేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ముక్క గురించే. అందుకని ఇంటి రుణం వడ్డీ, జీఎస్టీ నోటీసుల ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి చోటంతా దీనికే ఇస్తున్నాను. ఒంగోలులో కూర్చుని గ్రానైటు, పొగాకు, రొయ్యల వ్యాపారాల లెక్కలు చూసే నాకు ఇది ఎక్కడో దూరదేశపు గొడవగా ఎప్పుడూ అనిపించలేదు.

ప్రశ్న: మా నాన్న చీమకుర్తి క్వారీలో పనిచేసి మానుకున్నారు. రాయి మన ఊళ్లో తవ్వుతారు, ఓడెక్కి చైనా పోతుంది. కొన్ని బిల్లుల్లో మధ్యలో హాంగ్‌కాంగ్ కంపెనీ పేరు ఉంటుందని ఆయన అంటుంటారు. రాయి అక్కడికి పోనే పోదు కదా, ఆ పేరు ఎందుకు? లాభం "చూపించడం" అంటే అసలు ఏంది?
— ఒక పాఠకురాలు, చీమకుర్తి

అమ్మా, మీ నాన్నగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మధ్యలో విదేశీ కంపెనీ కనిపించినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. కొనేవాళ్లను వెతికి పెట్టే నిజమైన వ్యాపారులు హాంగ్‌కాంగ్‌లో చాలామంది ఉన్నారు. ఆ మధ్య కంపెనీ, ఇక్కడి క్వారీ కంపెనీ ఒకే యజమానివి అయినప్పుడే చిక్కు.

ఫలానావాళ్లు చేస్తున్నారని కాదు, లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. క్యూబిక్ మీటరు బ్లాక్ గెలాక్సీ రాయి తవ్వి, కోసి, కృష్ణపట్నం ఓడరేవుకు చేర్చడానికి అన్ని ఖర్చులూ కలిపి 50,000 రూపాయలు అయింది. చైనాలో కొనేవాడు 1,10,000 ఇస్తాడు. నేరుగా అమ్మితే లాభం 60,000, దాని మీద సుమారు 25 శాతం పన్ను అంటే 15,000 మన ఖజానాకు రావాలి. యజమాని అలా అమ్మకుండా తన హాంగ్‌కాంగ్ కంపెనీకి 60,000కే అమ్మినట్టు బిల్లు రాస్తాడు. ఆ కంపెనీ చైనావాడికి 1,10,000 బిల్లు వేస్తుంది. ఓడ మాత్రం కృష్ణపట్నం నుంచి తిన్నగా చైనా రేవుకే పోతుంది. హాంగ్‌కాంగ్‌కు పోయింది కాగితం ఒక్కటే. ఇప్పుడు ఇక్కడ లాభం 10,000, పన్ను 2,500. మిగతా 50,000 హాంగ్‌కాంగ్ పుస్తకాల్లో పడుతుంది. అక్కడి చట్టం ప్రకారం హాంగ్‌కాంగ్‌లో పుట్టిన లాభానికే పన్ను, దాని రేటు 16.5 శాతం. లాభం తమ గడ్డ మీద పుట్టలేదని ఒప్పించగలిగితే అదీ ఉండదు. తవ్విన గొయ్యి మనకు మిగులుతుంది, దుమ్ము మన పిల్లల ఊపిరితిత్తుల్లో మిగులుతుంది, లాభం ఇంకో ఊరి పుస్తకంలో ఉంటుంది. లాభం "చూపించడం" అంటే ఇదేనమ్మా.

దీన్ని ఆపడానికి మన ఆదాయపు పన్ను చట్టంలో 2001 నుంచి ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ నిబంధనలు ఉన్నాయి. సొంత కంపెనీకి అమ్మినా, ముక్కూ మొహం తెలియని బయటివాడికి అమ్మితే ఎంత వచ్చేదో ఆ ధరకే లెక్క కట్టాలి. దాన్ని ఆర్మ్స్ లెంగ్త్ ధర అంటారు. విదేశంలో సొంత సంబంధం ఉన్న సంస్థతో ఎంత చిన్న లావాదేవీ జరిగినా, చార్టర్డ్ అకౌంటెంట్ విడిగా రిపోర్టు ఇవ్వాల్సిందే.

నియమం మంచిదే. ఇబ్బంది ఎక్కడంటే, ఆ "బయటివాడి ధర" దొరకాలి. టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి పోతే ఏ బేలు ఎంతకు పోయిందో అక్కడ నిలబడిన రైతులందరికీ తెలుస్తుంది. రాయికి అలాంటి వేలం లేదు. రెండు బ్లాకులు పక్కపక్కన పెడితే చుక్కల వత్తు, సైజు, పగులు, మచ్చ అన్నీ తేడాగా ఉంటాయి. "ఇది రెండో రకం రాయండీ" అంటే కాదనడానికి అధికారి క్వారీలోకి దిగి చూడలేడు. రాయి కంటికి కనిపించే వస్తువు కాబట్టి కనీసం కొంత పట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కోడుకు, బ్రాండు పేరుకు, మందు ఫార్ములాకు ధర ఎంతని ఎవరు చెప్పాలి? పెద్ద కంపెనీలు లాభాన్ని దేశాలు దాటించేది ఎక్కువగా వీటి ద్వారానే. బ్రాండు హక్కు పన్ను తక్కువున్న దేశంలోని తమ కంపెనీకి రాసేసి, మిగతా అన్ని దేశాల శాఖల చేతా దానికి రాయల్టీ కట్టిస్తారు. రాయల్టీ ఖర్చు కింద పోతుంది కాబట్టి ఆ శాఖల దగ్గర లాభం కరిగిపోతుంది.

ఇంకో మాట. మీ నాన్నగారికి సీనరేజి తెలిసే ఉంటుంది. ప్రభుత్వం గ్రానైటు మీద తవ్విన పరిమాణం లెక్కన వసూలు చేసే రుసుము అది. లాభం ఎవరి పుస్తకంలో ఉందో దానికి అక్కర్లేదు. రాయి కదిలిందా లేదా అన్నదే లెక్క. అందుకే ఖనిజాలున్న ప్రాంతాల్లో ఇలా పరిమాణం మీద వేసే రుసుములను గట్టిగా పట్టుకోవాలని నా అభిప్రాయం. ఆదాయపు పన్ను బిల్లు మీద ఎగిరిపోవచ్చు, రాయి మాత్రం లారీ ఎక్కి చెక్‌పోస్టు దాటాల్సిందే.

ప్రశ్న: నెల్లూరు చిన్న బజారులో మాది చీరల దుకాణం. సోషల్ మీడియాలో ప్రకటనలకు ఏడాదికి లక్షకు పైనే ఖర్చవుతుంది. అప్పట్లో మా ఆడిటర్ ఆరు శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలనేవారు. ఇప్పుడు అక్కర్లేదంటున్నారు. నిజమేనా?
— ఒక వ్యాపారి, నెల్లూరు

నిజమే. మీరు చెబుతున్నది ఈక్వలైజేషన్ లెవీ. మన దేశంలో ఆఫీసు, శాఖ ఏమీ లేని విదేశీ కంపెనీకి ఆన్‌లైన్ ప్రకటనల కోసం ఏడాదిలో లక్ష రూపాయలకు మించి కట్టే వ్యాపారి 6 శాతం మినహాయించి జమచేయాలని 2016 జూన్ 1 నుంచి నియమం పెట్టారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశారు. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో తెచ్చిన 2 శాతం లెవీని అంతకు ముందే, 2024 ఆగస్టు 1 నుంచి తీసేశారు. తేదీకి ముందు చేసిన చెల్లింపుల బాధ్యత మాత్రం పోలేదు, పాత బిల్లులు చూసుకోండి. బిల్లు ఆ కంపెనీ భారతీయ శాఖ పేరుతో వస్తుంటే ఆ లెవీ మీకు మొదటి నుంచీ వర్తించదు. అప్పుడు మామూలు టీడీఎస్, జీఎస్టీ నియమాలే.

అసలు ఆ లెవీ ఎందుకు పెట్టారో కూడా తెలియాలి. పాత పన్ను ఒప్పందాలన్నీ ఒక నమ్మకం మీద కట్టినవి: విదేశీ కంపెనీకి మన గడ్డ మీద స్థిరమైన చోటు, అంటే ఆఫీసో ఫ్యాక్టరీయో గోడౌనో ఉంటేనే మనం పన్ను వేయాలి. చిన్న బజారులో కొనేవాళ్ల ఫోన్లలో ప్రకటన చూపించి, మీ దగ్గర డబ్బు తీసుకునే కంపెనీకి ఇక్కడ కుర్చీ కూడా అక్కర్లేదు. ఆ సందును పూడ్చడానికే ఆరు శాతం.

అది ఎందుకు పోయిందన్నది మన జిల్లాకు మరీ దగ్గరి విషయం. అమెరికా ఈ పన్నును తమ కంపెనీల మీద వివక్షగా చూసింది. 2021 మార్చిలో, 2 శాతం లెవీకి బదులుగా కొన్ని భారతీయ సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం వేస్తామని ప్రతిపాదించింది. ఆ జాబితాలో బాస్మతి బియ్యంతో పాటు రొయ్యలు కూడా ఉన్నాయి. తర్వాత చర్చలు జరిగి ఆ సుంకం అమలు కాకుండానే ఆగింది, చివరికి మన లెవీలే పోయాయి. ఆలోచించండి: ఎక్కడో ఉన్న ఇంటర్నెట్ కంపెనీ మీద ఢిల్లీలో పన్ను వేస్తే, జవాబుగా చూపించిన బెత్తం విడవలూరు, ఇందుకూరుపేట రొయ్యల చెరువుల వైపు తిరిగింది. ఆ రైతులకు ఈ సంగతి చెప్పినవాళ్లే లేరు. నాకు చాలా బాధ కలిగించిన విషయం ఇది.

ప్రశ్న: నేను బీకాం రెండో ఏడాది. యాపిల్ కంపెనీ ఐర్లాండ్‌కు 1,300 కోట్ల యూరోలు కట్టాలని కోర్టు చెబితే, ఆ డబ్బు మాకొద్దని ఐర్లాండే వాదించిందని మా మేడమ్ చెప్పారు. వచ్చే డబ్బును ఏ ప్రభుత్వమైనా వద్దంటుందా?
— ఒక విద్యార్థిని, కావలి

మీ మేడమ్ చెప్పింది నిజమే. మొదట ఈ ఆదేశం ఇచ్చింది మాత్రం కోర్టు కాదు, 2016 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్. యాపిల్‌కు ఐర్లాండ్‌లో రిజిస్టరైన రెండు కంపెనీలు ఉండేవి. యూరప్‌లో ఏ దుకాణంలో ఫోను కొన్నా, కాగితం మీద ఆ అమ్మకం ఐర్లాండ్ కంపెనీదే. అక్కడ జమైన లాభంలో అధిక భాగాన్ని "ప్రధాన కార్యాలయం" ఖాతాకు మళ్లించేవారు. ఆ ప్రధాన కార్యాలయానికి ఏ దేశంలోనూ చోటు లేదు, ఉద్యోగులు లేరు. కాబట్టి ఏ దేశమూ దాని మీద పన్ను వేయలేదు. ఇలా చేసుకోవచ్చని ఐర్లాండ్ పన్నుల శాఖ రాతపూర్వకంగా ఒప్పుకుంది. కమిషన్ లెక్కలో, ఆ అమ్మకాల కంపెనీ 2014లో తన లాభం మీద కట్టిన పన్ను 0.005 శాతం. పది లక్షల యూరోల లాభానికి యాభై యూరోలు! ఐర్లాండ్‌లో చిన్న కిరాణా కంపెనీ కట్టే రేటు 12.5 శాతం.

అమ్మాయీ, నువ్వు గమనించాల్సిన వాక్యం ఒకటి కమిషన్ ప్రకటనలోనే ఉంది. యూరప్‌తో పాటు మధ్యప్రాచ్యం, ఆఫ్రికా, ఇండియా అమ్మకాలు కూడా ఆ ఐర్లాండ్ కంపెనీ పరిధిలోవేనని.

ఇక ఐర్లాండ్ ఎందుకు వద్దంది? దానికి ఆ డబ్బు కంటే పేరు ముఖ్యం. "మా దేశానికి రండి, పన్ను తక్కువ, మాట తప్పం" అన్న పేరు మీదే అక్కడికి పెద్ద పెద్ద కంపెనీలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. ఇప్పుడు పాత లెక్కలు తిరగదోడి వసూలు చేస్తే మిగతా కంపెనీలు బెదురుతాయని దాని భయం. 2020లో కింది కోర్టు యాపిల్, ఐర్లాండ్‌ల వైపు తీర్పిచ్చింది. 2024 సెప్టెంబరు 10న యూరోపియన్ న్యాయస్థానం దాన్ని కొట్టేసి, కట్టాల్సిందేనని తేల్చింది.

ఐర్లాండ్‌ను తిట్టుకోవడం తేలిక. ఒకప్పుడు బీదదేశం, పిల్లలు పనికోసం వలసపోయిన దేశం అది. పన్ను తగ్గించి బాగుపడింది. కానీ అది పెంచుకున్న ఆదాయం కొత్తగా పుట్టింది కాదు. చాలా భాగం పక్క దేశాల ఖజానాల నుంచి జారిపోయింది. ఐర్లాండ్‌కు అందులో చిటికెడు దక్కితే, పక్క దేశాలకు దోసెడు పోయింది. పరీక్షలో ట్యాక్స్ కాంపిటీషన్, అంటే దేశాలు ఒకదానితో ఒకటి పోటీపడి పన్ను తగ్గించడం గురించి అడిగితే ఈ సంగతే నీ సొంత మాటల్లో రాయి.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఒక అమెరికన్ కంపెనీ సొంత సెంటర్‌లో పని చేస్తున్నాడు. వాళ్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌తో కంపెనీకి ప్రపంచమంతా లాభాలే. కానీ ఇండియా శాఖకు లాభం ఖర్చుల మీద ఇంత శాతమని ముందే రాసిపెట్టి ఉంటుందట. అదెలా?
— రిటైర్డ్ టీచర్, దర్శి

మాస్టారూ, దాన్ని కాస్ట్ ప్లస్ అంటారు. మీ అబ్బాయి జీతం, ఆఫీసు అద్దె, కరెంటు అన్నీ కలిపి నూరు రూపాయలు ఖర్చయితే, అమెరికా కంపెనీ ఇండియా శాఖకు నూట పదిహేనో, నూట పద్దెనిమిదో ఇస్తుంది. ఆ పదిహేను, పద్దెనిమిది మీద ఇక్కడ పన్ను. తయారైన సాఫ్ట్‌వేర్ హక్కు అమెరికాలోనో ఇంకో దేశంలోనో ఉంటుంది, దాని అసలు లాభం అక్కడే. గొడవలు తగ్గడానికి మన ప్రభుత్వం కూడా "ఇంత శాతం చూపిస్తే మేము అడగం" అని సేఫ్ హార్బర్ పెట్టింది. 2017 నిబంధనల్లో సాఫ్ట్‌వేర్ సేవలకు దాన్ని లావాదేవీల పరిమాణాన్ని బట్టి 17, 18 శాతంగా పెట్టారు.

చట్టరీత్యా ఇది సక్రమమే. నష్టం వచ్చినా ఇక్కడి శాఖకు లాభం గ్యారంటీ, రిస్కంతా అమెరికాదే కాబట్టి లాభమూ వాళ్లదేనన్నది కంపెనీల వాదన. ఇరవై ఏళ్ల కింద టెస్టింగు పనులే ఇక్కడికి వచ్చే రోజుల్లో నేను ఆ వాదన ఒప్పుకునేవాణ్ని. ఇవాళ కొత్త ఉత్పత్తికి బుర్ర పెట్టేది, డిజైను గీసేది ఇక్కడి పిల్లలే. పని స్వభావం మారినా శాతం పెరగకపోవడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: వోడాఫోన్ కేసు చివరికి ఏమైంది?
— ఒక లాయరు గుమస్తా, ఒంగోలు

2007లో వోడాఫోన్ సుమారు 1,100 కోట్ల డాలర్లకు ఇక్కడి హచ్ ఫోన్ వ్యాపారంలో 67 శాతం వాటా కొంది. కానీ కొన్నది ఇక్కడి కంపెనీ షేరును కాదు. దాన్ని మెట్టుమెట్టుగా పట్టుకుని ఉన్న కేమన్ దీవుల కంపెనీలో ఒక షేరును. అమ్మింది విదేశీ, కొన్నది విదేశీ, చేతులు మారింది విదేశీ షేరు. ఆస్తి మాత్రం మన టవర్లు, మన చందాదారులు. లాభం మీద పన్ను మినహాయించలేదని మన శాఖ వోడాఫోన్‌ను అడిగింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు, ఉన్న చట్టం ప్రకారం అడిగే హక్కు లేదంది. అదే ఏడాది ప్రభుత్వం చట్టాన్ని 1962 నుంచి వర్తించేలా వెనక్కి మార్చింది. 2020లో హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ దాన్ని తప్పుపట్టింది. ఇలాంటిదే అయిన చమురు కంపెనీ కెయిర్న్ కేసులో మన ప్రభుత్వమే 120 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని ఇంకో తీర్పు వచ్చింది. 2021 ఆగస్టులో పార్లమెంటు వెనక్కి వేసిన పన్నును రద్దు చేసి, వసూలు చేసింది తిరిగి ఇచ్చేసింది.

నా ఉద్దేశంలో పన్ను అడగడం న్యాయం, వెనక్కి తేదీ వేసి అడగడం అన్యాయం. 2012 తర్వాత జరిగే ఇలాంటి అమ్మకాలకు, విలువలో అధిక భాగం ఇక్కడి ఆస్తిదైతే పన్ను ఉంది. మారిషస్ కంపెనీ పేరుతో ఇక్కడి షేర్లు కొని, అమ్మిన లాభం మీద పన్ను తప్పించుకునే దారి కూడా ఇరుకైంది. 1982 నాటి ఒప్పందాన్ని 2016లో సవరించాక, 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్ల లాభం మీద మనం పన్ను వేయవచ్చు.

ప్రశ్న: ప్రపంచ దేశాలన్నీ కలిసి 15 శాతం కనీస పన్ను పెట్టాయన్నారు. అది వస్తే ఈ పోటీ ఆగిపోతుందా?
— ఒక లెక్చరర్, కనిగిరి

ఆగుతుందని 2021లో నేనూ ఆశపడ్డాను. ఆ అక్టోబరులో 136 దేశాలు ఒప్పుకున్నాయి, మన దేశం కూడా. రెండు భాగాలు. ఏడాదికి 75 కోట్ల యూరోల టర్నోవరు దాటిన కంపెనీల గుంపు ఏ దేశంలోనైనా 15 శాతం కంటే తక్కువ కడితే, ఆ తేడాను ఇంకో దేశం వసూలు చేసుకోవచ్చు. అంటే పన్ను ఎగ్గొట్టే చోటు వెతుక్కుని లాభం లేదు. రెండోది, 2,000 కోట్ల యూరోల టర్నోవరు దాటిన అతిపెద్ద కంపెనీల లాభంలో, టర్నోవరు మీద పది శాతాన్ని మించి ఉన్నదాంట్లో పావు వంతును, సరుకు అమ్ముడుపోయే దేశాలకు పంచడం. మన నెల్లూరు చీరల వ్యాపారి ప్రశ్నకు అసలు మందు ఈ రెండోదే. అది ఇప్పటికీ కాగితం మీదే ఉంది.

మొదటిది చాలా దేశాల్లో 2024 నుంచి అమలైంది. ఐర్లాండ్ పెద్ద కంపెనీలకు 15 చేసింది. పన్నే లేని బెర్ముడా కూడా 2025 నుంచి 15 శాతం చట్టం తెచ్చింది. అయితే 2025 జనవరి 20న ట్రంప్ పదవిలోకి రాగానే, ఈ ఒప్పందం తమ దేశానికి వర్తించదని ఉత్తర్వు ఇచ్చారు. అదే జూన్‌లో జీ7 దేశాలు అమెరికన్ కంపెనీలకు మినహాయింపునిచ్చే అవగాహనకు వచ్చాయి. ప్రపంచంలో అతి పెద్ద కంపెనీలు ఏ దేశానివో మీకు చెప్పక్కర్లేదు.

పదిహేను కూడా తక్కువేనని నా గట్టి అభిప్రాయం. బ్రిటన్‌లో 1980ల మొదట్లో కంపెనీ పన్ను 52 శాతం, 2017కి 19. అమెరికా 2018లో 35 నుంచి 21కి దించింది. మనం 2019 సెప్టెంబరులో 30 నుంచి 22కి, కొత్త ఫ్యాక్టరీలకు 15కి దించాం. ఒకరిని చూసి ఒకరు. ఇక్కడ నా గుమాస్తా కూడా అడిగే ప్రశ్న ఒకటుంది: ఒంగోలులో ఇద్దరు అన్నదమ్ములు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పెట్టి రాయి పాలిష్ చేస్తే వాళ్ల లాభం మీద పన్ను 30 శాతం, వేల కోట్ల కంపెనీకి 22 ఎందుకు? ఎందుకంటే ఆ అన్నదమ్ములు సింగపూర్ పోతామని బెదిరించలేరు. పోలేనివాళ్ల దగ్గర తగ్గించాల్సిన అవసరం ప్రభుత్వానికి ఎప్పుడూ కనిపించదు. జీతగాడిదీ అదే స్థితి, చేతికి రాకముందే కోత పడుతుంది.

ఒక చిన్న ఆశ ఉంది. ఈ నియమాలు ఇన్నాళ్లూ ధనిక దేశాల కూటమి ఓఈసీడీలో తయారయ్యేవి. వాటిని ఐక్యరాజ్యసమితికి తేవాలని ఆఫ్రికా దేశాలు 2023 నవంబరులో తీర్మానం పెడితే 125 దేశాలు అవునన్నాయి, 48 కాదన్నాయి. 2027లోగా ఒప్పందం ముసాయిదా తయారుచేయాలన్నది లక్ష్యం. మీ విద్యార్థులతో దాన్ని గమనించమని చెప్పండి.

ప్రశ్న: మీలాంటివాళ్లు రాయితీలను తప్పుపడతారు. మా ముత్తుకూరు మండలంలో పోర్టు, కరెంటు ప్లాంట్లు వచ్చాకే నలుగురికి పని దొరికింది. పన్ను తగ్గిస్తేనే కంపెనీ వస్తుందంటే తగ్గించడంలో తప్పేంటి?
— ఒక నిరుద్యోగి, ముత్తుకూరు

బాబూ, నీ కోపం నాకు అర్థమైంది. పని కావాలన్న నీ మాటకు ఎదురు చెప్పను. ఐదేళ్లు పన్ను తగ్గించి ఫ్యాక్టరీ తెచ్చుకోవడం ఎప్పుడూ తప్పేనని కూడా అనను.

నేను అడిగేది ఏమంటే, రాయితీ ఇవ్వకపోయినా వచ్చే కంపెనీకి రాయితీ ఎందుకు? కృష్ణపట్నానికి లోతైన సముద్రం ఉంది, పక్కనే రైలు ఉంది, చెన్నై దగ్గర. ఆ లోతును ఎవరూ తమిళనాడుకు ఎత్తుకుపోలేరు. ఇలాంటి సహజమైన బలం ఉన్నచోట బేరం మన చేతిలో ఉంటుంది. ఎక్కడైనా పెట్టగల వ్యాపారం దగ్గరే బేరం వాళ్ల చేతిలోకి పోతుంది. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం విశాఖలో 21.16 ఎకరాలు టీసీఎస్‌కు 99 పైసలకు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. 2026 కేంద్ర బడ్జెట్‌లో, ఇక్కడి డేటా సెంటర్లతో ప్రపంచానికి క్లౌడ్ సేవలు అమ్మే విదేశీ కంపెనీలకు 2047 వరకు పన్ను సెలవు ప్రతిపాదించారు. 2047 అంటే నీ పిల్లలు ఉద్యోగం వెతుక్కునే వయసుకు వస్తారు. డేటా సెంటరు నీళ్లు, కరెంటు బాగా తాగుతుంది. కట్టేటప్పుడు పని ఎక్కువ, కట్టాక నడపడానికి మనుషులు తక్కువ. ఇవన్నీ తూకం వేసి ఇచ్చారా, పక్క రాష్ట్రం ఇస్తుందన్న టెన్షన్‌లో ఇచ్చారా అన్నది ప్రజలు అడగాలి.

కాబట్టి మీ మండలానికి ఏ కంపెనీ వచ్చినా గ్రామసభలో మూడు సంగతులు కాగితం మీద అడగండి: ఎన్ని పర్మనెంటు ఉద్యోగాలు, ఎన్నేళ్లు ఏ పన్ను మాఫీ, మాట తప్పితే మాఫీ చేసినది తిరిగి వసూలు చేస్తారా. మూడోది లేని ఒప్పందాలు నేను చాలా చూశాను. రాయితీ కాలం అయిపోగానే షెడ్డు ఖాళీ చేసి ఇంకో రాష్ట్రంలో కొత్త పేరుతో మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: రొయ్యల ఎగుమతిలో ఉన్నాను. దుబాయ్‌లో కంపెనీ పెట్టి దాని ద్వారా అమ్మితే ఇక్కడ పన్ను ఉండదని మా బావమరిది అంటున్నాడు. పెద్దవాళ్లు చేస్తే తెలివి, మేము చేస్తే తప్పా?
— పేరు వద్దన్నారు, నెల్లూరు

ఎవరు చేసినా నాకు ఒకటేనన్నా, అందుకే పై జవాబులన్నీ రాశాను. ఇక మీ సంగతి. దుబాయ్‌లో పన్నే లేదన్నది పాత మాట. 2023 జూన్ నుంచి అక్కడ 9 శాతం కంపెనీ పన్ను ఉంది. నిజంగా అక్కడ ఆఫీసు, మనిషి, కొనేవాళ్లతో బేరం ఉంటే కంపెనీ పెట్టుకోండి, తప్పు లేదు. మాగుంట లేఅవుట్‌లో కూర్చుని అన్ని నిర్ణయాలూ మీరే తీసుకుంటూ బోర్డు మాత్రం దుబాయ్‌లో తగిలిస్తే, ఆ కంపెనీని ఇక్కడి కంపెనీగానే లెక్కించి మొత్తం లాభం మీద పన్ను వేసే నిబంధన ఉంది. ఏడాదికి 50 కోట్ల టర్నోవరు దాటని కంపెనీకి ఆ నిబంధన వర్తించదు. మీది అందులోకే వస్తుందని మీ బావమరిది ఎగిరి గంతేయవచ్చు. కానీ మీరు ఆ కంపెనీకి రొయ్యలు ఏ ధరకు అమ్మారన్న ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ ప్రశ్నకు టర్నోవరు పరిమితి లేదు. రొయ్యలకు కౌంటును (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కను) బట్టి మార్కెట్ ధర అందరికీ తెలుసు, దాచలేరు.

అంతకంటే ముఖ్యం, విదేశీ కంపెనీలో మీ వాటాను, అక్కడి బ్యాంకు ఖాతాను ఏటా మీ రిటర్న్‌లో విడిగా చూపించాలి. చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. లెక్కకు రాని ఆస్తి దొరికితే దాని విలువ మీద 30 శాతం పన్ను, దానికి మూడింతల జరిమానా, జైలు కూడా ఉంది. దేశాల మధ్య ఖాతాల సమాచారం ఇప్పుడు ఆటోమేటిగ్గా చేతులు మారుతోంది, యూఏఈ కూడా అందులో ఉంది. ఖాతా ఇప్పటికే తెరిచి ఉంటే, ఈ ఏడాది రిటర్న్ వేసే ముందే మీ ఆడిటర్‌కు ఆ స్టేట్‌మెంట్లు ఇచ్చేయండి.